బొట్టుకు చెప్పే జవాబులు

మూడు కుట్లంటే ఎక్కువేం కాదు, కనుబొమ్మ మీదే కాబట్టి మచ్చ వెంట్రుకల్లో కలిసిపోతుంది. అలా అనుకోవడం ఎంత నీచమో రజనికి తెలుసు. అయినా పొద్దున లేచినప్పటి నుంచీ ఆమె మనసు ఆ మూడు కుట్ల చుట్టే తిరుగుతోంది. కార్తీక్ తల్లి ఫోన్ చేసి తిట్టినా బాగుండేది. ఆమె తిట్టలేదు. నుదుటికి కట్టుతో ఉన్న కొడుకు ఫోటో ఒకటి పంపి ఊరుకుంది. కింద ఒక్క మాట కూడా రాయలేదు. ఆ ఫోటోకి జవాబుగా రజని నిన్నటి నుంచీ నాలుగుసార్లు ఏదో టైపు చేసింది, నాలుగుసార్లూ చెరిపేసింది. తొమ్మిదేళ్లుగా ప్రత్యేక అవసరాలున్న పిల్లల తల్లుల తరఫున వేరే తల్లులకు సర్దిచెప్పడమే ఆమె ఉద్యోగం. ఆ మాటలన్నీ నోటికి వచ్చు. ఇప్పుడు ఒక్కటీ పనికిరావడం లేదు.

"చపాతి మాడుతుంది సూడు," అంది అత్తగారు జానకమ్మ, వంటింటి గడప దగ్గర చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

రజని చపాతీ తిప్పింది. అప్పటికే మాడింది.

ముందుగదిలో కూతురు శ్రుతి గోడవైపు తిరిగి నిలబడి ఉంది. వచ్చే గురువారం దాకా స్కూలు లేదని చెప్పినా, శుక్రవారం తెల్ల డ్రెస్సు తనే తీసి వేసుకుంది. ఏడేళ్ల పిల్ల. ఏ వారం ఏ డ్రెస్సో, హైవే మీద వెళ్లే ఏ లారీ నంబరు ఎంతో మరిచిపోదు. నిన్న మధ్యాహ్నం క్లాసులో స్టీలు టిఫిన్ డబ్బా విసిరింది. అది పక్క బెంచీలో కార్తీక్‌కు తగిలింది. ఎందుకు విసిరావంటే చెప్పలేదు. నిన్నటి నుంచీ ఒకటే మాట.

"బొట్టు లేదు. బొట్టు లేదు."

"మల్ల మొదలువెట్టింది," అంది జానకమ్మ. "పొద్దుగాల్నుంచి మూడు స్టిక్కర్లు పెట్టిన. పీకి గోడకంటిస్తది."

నిజమే. గోడ మీద, పెద్దవాళ్ల మొహం వచ్చేంత ఎత్తున మూడు ఎర్రబొట్లు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. శ్రుతి కుర్చీ ఎక్కి అంటించినట్టుంది. వాటినే చూస్తోంది. రజని కూడా ఒక క్షణం అటు చూసింది. ఏదో ఆలోచన రాబోయింది. ఇంతలో భర్త గోవర్ధన్ స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చాడు.

"మిర్యాలగూడల అక్కతోని మాట్లాడిన," అన్నాడు. "వాళ్ల ఇంటి దగ్గరి స్కూల్ల సీటుందంట. రేపు పదింటికి తీస్కరమ్మన్నరు. మేడమ్ నాలుగు ప్రశ్నలడుగుతదంట, అంతే."

"ఈ స్కూలోళ్లు వచ్చే గురువారం దాక టైమిచ్చిండ్రు గద."

"ఇచ్చిండ్రు. డాక్టర్ కాయితం తెమ్మని ఇచ్చిండ్రు. ఆ కాయితంల ఏం రాస్తరో నాకంటె నీకే ఎరుక. టీసీ తీస్కుంటె ఏ కాయితం అవసరం లేదు. కొత్త ఊరు, కొత్త స్కూలు. మనల్ని ఎవరు గుర్తువడతరు?"

"ఎక్కడుంటది అది?"

"అక్క ఇంట్ల. అమ్మ గూడ పోయి ఉంటది."

"నన్నడగకుండనే నా బట్టలు సర్దినవురా," అంది జానకమ్మ. "మీ అక్క ఇంట్ల నేను రెండు రోజులుంటెనే మూడోనాడు బస్సు టైమ్ అడుగుతది."

గోవర్ధన్ నవ్వలేదు. భార్య వైపే చూశాడు. "నువ్వు ఒక్కటి చెయ్యి. పోయినసారి లెక్కనే నేర్పియ్యి. సాయంత్రం జల్ది రా. ప్రశ్నలు అక్క పంపిస్తనన్నది."

"పోయినసారి నలభై రోజులు పట్టింది."

"అప్పుడు కొత్త. ఇప్పుడు వచ్చిందే గద. జర గుర్తు చేస్తె సాలు."

రజని చపాతీలు డబ్బాలో పెట్టి మూత వేసింది. నేర్పించను అనలేదు, నేర్పిస్తాననీ అనలేదు. ఆ ఇంట్లో ఆమె నోరు మెదపకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ఆ లెక్క ఆమెకూ తెలుసు.

"వాళ్ల తాత గూడ గింతే," అంది జానకమ్మ ఎవరితోనో అన్నట్టు. "ఐదేండ్ల దాక మాట్లాడలె. మా పాలకీడు ఊర్ల ఆయన మోటరు శబ్దం వింటె పొలం ఇడిసిపెట్టి ఉరికేటోడంట. పెండ్లి కాలేదా, పిల్లలు కాలేదా?"

"పెండ్లయింది అత్తమ్మా. మీరు ఎట్ల ఏగిండ్రో అది గూడ చెప్పుండ్రి."

జానకమ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగింది. తర్వాత మళ్లీ ఈనె తీయడం మొదలుపెట్టింది.

*

మేళ్లచెరువు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఎదురుగా సిమెంటు లారీలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. రోడ్డు పక్క చెట్ల ఆకులు కూడా బూడిద రంగే. శ్రుతి ఉంటే నంబర్లన్నీ చదివేది.

ఆ నలభై రోజులూ రజనికి గుర్తున్నాయి. అది రెండేళ్ల కిందటి వేసవి. కోదాడలో ఆ ప్రైవేటు స్కూలు వాళ్లు చేర్చుకునే ముందు పిల్లతో మాట్లాడి చూస్తారని తెలిసింది. వాళ్లు ఏమేం చూస్తారో రజనికి తెలియనిదేముంది? పేరు పెట్టి పిలిస్తే తిరుగుతుందా, కళ్లలోకి చూసి చెప్తుందా, అడిగిన మాటనే తిరిగి అంటుందా. వేరే పిల్లల కోసం ఆమె రోజూ నింపే ఫారంలో ఉన్నవే అవన్నీ.

శ్రుతి కళ్లలోకి చూడదు. కళ్లు కదులుతాయంటుంది. అందుకని రజని పెద్ద ఎర్రబొట్టు పెట్టుకుని మంచం మీద ఎదురుగా కూర్చుంది. "కళ్లు వద్దు నాన్నా. బొట్టును చూడు. బొట్టుకు జవాబు చెప్పు." బొట్టు కదలదు. శ్రుతికి నచ్చింది. నీ పేరేంటి? బొట్టుకు చెప్పింది. మీ నాన్న ఏం చేస్తారు? ఎరువుల దుకాణమని బొట్టుకే చెప్పింది. రెండు కనుబొమ్మల మధ్యలోకి చూస్తే ఎదుటి మనిషికి తన కళ్లలోకే చూస్తున్నట్టు ఉంటుంది.

"ఎంత చక్కగా కళ్లలోకి చూసి మాట్లాడుతుందండీ మీ పాప," అంది ఆ రోజు స్కూలు మేడమ్. గోవర్ధన్ దారిలో కారాపి కిలో మిఠాయి కొన్నాడు. అడ్మిషన్ ఫారంలో 'పిల్లకు ప్రత్యేక అవసరాలేమైనా ఉన్నాయా' అన్న గడిలో 'లేవు' అని రాసింది రజనే. అక్షరాలు గుండ్రంగా, ఎక్కడా వణక్కుండా వచ్చాయి. మనిషి చెయ్యి మనిషి మాట ఎంత బాగా వింటుందో అని అప్పుడే ఆశ్చర్యపోయింది.

*

మేళ్లచెరువు బడిలో మూడో తరగతి గుమ్మం పక్క బెంచీ సంతోషిది. పాఠం మధ్యలో ఆ పిల్ల లేచి బయటి నీళ్ల డ్రమ్ము దాకా వెళ్లి, దాన్ని ఒకసారి ముట్టి తిరిగొస్తుంది. రామనర్సయ్య సార్ పాఠం ఆపడు. ముందు బెంచీల పిల్లలు దారికి అడ్డంగా ఉన్న కాళ్లు వెనక్కి తీసుకుంటారంతే. మొదట్లో గంట కొడితే సంతోషి బల్ల కిందికి దూరి చెవులు మూసుకునేది. ఒకరోజు సార్ గంట కొట్టే ఇనుప కడ్డీ తెచ్చి ఆమె చేతికే ఇచ్చాడు. ఇప్పుడు ఆ గంట కొట్టేది సంతోషే. అలాగని అంతా బాగైపోలేదు. పోయిన నెలలో సార్ చెయ్యి కొరికింది. ఆయన ఇంజక్షన్ వేయించుకుని మరునాడు మామూలుగా హాజరు పిలిచాడు.

"ఇంకో నలుగురు సార్లు మీలా ఉంటే నా పని తేలికయ్యేది," అంది రజని.

"ఉంటరు మేడమ్. కొరికించుకునేటోల్లు దొరకాలె గద," అన్నాడు రామనర్సయ్య, హాజరు పట్టీ మూస్తూ.

రజని పనిచేసే భవిత కేంద్రమంటే ఆ బడి ఆవరణలోనే ఒక గది. మండలంలో ఇలాంటి పిల్లలందరి కాగితాలూ అక్కడే ఉంటాయి. గుమ్మం దగ్గర సంతోషి నాయనమ్మ సత్తమ్మ కూర్చుని ఉంది. ఆమె భర్త మల్లన్న గొర్లు తోలుకుని కాలువ వైపు వెళ్లాడు. కొడుకూ కోడలూ ఫ్యాక్టరీ పనిలో ఉన్నారు. పిల్ల భారం ఈమెదే.

"సూర్యాపేట దవాఖాన్ల సర్టిఫికెట్ల క్యాంపు బుధవారమేనా మేడమ్?"

"బుధవారమే. ఫారం పంపించిన. ఏడింటికి ఇక్కడికి రా, అందరం కలిసే పోతం."

"దాని పేరు గట్టిగనే రాసినవా? అప్పుడు పెన్సిలుతోని రాసినవు గద."

రజని అలవాటు అది. ఏ పిల్ల పేరైనా ముందు పెన్సిల్‌తో రాస్తుంది. ఇంట్లో వాళ్లు ఒప్పుకున్నాకే పెన్నుతో దిద్దుతుంది. ఎందుకంటే మరునాడే తల్లో తాతో వచ్చి, మా పిల్ల పేరు తీసెయ్యి మేడమ్, రేపు దానికి పెండ్లి కావాలె, అంటారు. అందుకే ఆమె సంచిలో రబ్బరు ఎప్పుడూ ఉంటుంది.

"పెన్నుతోనే రాసిన. నువ్వే గద రెండుసార్లు తుడిపిచ్చింది."

"తుడిపిచ్చిన," అంది సత్తమ్మ ఏమాత్రం సిగ్గుపడకుండా.

"మూడోసారి ఎందుకు ఊకున్నవ్?"

సత్తమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది. "అలిసిపోయిన మేడమ్. సుట్టాలొస్తె దాసుడు, పండుగైతె దాసుడు, ఎవలన్న పిలిస్తె దానికంటె ముందుగాల నేను జవాబు చెప్పుడు. గొర్లు కాసుడు నయం. వాటిని ఒక్కదిక్కు తోలితె సాలు."

రజని కాగితాలు సర్దుతున్నట్టు తల వంచుకుంది.

"నీకు ఒక్కతే బిడ్డనా?" అంది సత్తమ్మ లేస్తూ.

"ఒక్కతే."

"మంచిగ సదువుతదా?"

"ఆ. బాగనే."

"నీ కడుపున పుట్టినంక సదవక యాడికి పోతది," అని సత్తమ్మ నవ్వి, పిల్లను చూసి పోతానని మూడో తరగతి వైపు వెళ్లింది.

గంట మోగింది. సంతోషి లెక్కపెట్టి కొడుతోంది. ఎనిమిది దెబ్బలు ఆగి ఆగి పడ్డాయి.

*

రజని రోజూ కంటే ఒక గంట ముందే బయల్దేరి కోదాడలో శ్రుతి స్కూలు దగ్గర దిగింది. క్లాస్ టీచర్‌కు క్షమాపణ చెప్పాలి. నిన్న ప్రిన్సిపాల్ గదిలో మాట్లాడింది ప్రిన్సిపాల్ ఒక్కడే. "మీరే ఈ ఫీల్డులో ఉన్నారు కదా మేడమ్, మీకు మేం చెప్పేదేముంది," అని ఆయన నవ్వుతూ అన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది.

పాత టీచర్ కాన్పు సెలవు మీద వెళ్లింది. ఆమె స్థానంలో నిన్ననే చేరిన శ్రావణి టీచర్ వరండాలో నోటుబుక్కులు మోసుకుంటూ ఎదురైంది. ఇరవై మూడేళ్లుంటాయి.

"సారీ టీచర్. నిన్న మీకు మొదటి రోజే..."

"నేనే సారీ చెప్పాలనుకుంటున్నాను మేడమ్," అంది శ్రావణి. ఆమెది ఏటి అవతలి జగ్గయ్యపేట మాట. "పాపని లేచి పేరు చెప్పమన్నాను. నా వైపు చూసింది గానీ చెప్పలేదు. మొహమంతా వెతుకుతోంది మేడమ్. ఇదిగో ఇక్కడ, నుదుటి మీద, పైనా కిందా. పిల్లలు నవ్వారు. వెక్కిరిస్తోందేమో అనుకున్నా. నా వైపు చూడమ్మా అని గడ్డం పట్టుకున్నాను. మెల్లగానే పట్టుకున్నాను. అంతే, చేతిలో డబ్బా విసిరేసింది."

రజని ఆమె మొహం చూసింది. నున్నటి నుదురు. బొట్టు లేదు.

"ఏదో అంది కూడా," అంది శ్రావణి. "నాకు అర్థం కాలేదు."

రజనికి అర్థమైంది. గోడ మీది మూడు బొట్లు, పొద్దున రాబోయి ఆగిపోయిన ఆలోచన, అన్నీ ఒక్కసారి వచ్చి నిలబడ్డాయి. పిల్ల నిన్నటి నుంచీ చెప్తూనే ఉంది. ఎందుకు విసిరావంటే ఉన్నదున్నట్టు కారణం చెప్పింది. జవాబు చెప్పడానికి తల్లి చూపించిన చోటు ఆ మొహంలో లేదు. ఎక్కడ చెప్పాలో తెలియక వెతుకుతుంటే గడ్డం పట్టుకున్నారు.

"మీ తప్పేం లేదు టీచర్," అంది రజని.

"నాకు ముందే ఎవరైనా చెప్తే బాగుండేది మేడమ్. నేనేదో ఒకటి చేసేదాన్ని. మా కాలేజీలో ఇలాంటి పిల్లల గురించి ఒక పేపరుంది కూడా."

ఆ అమ్మాయి అలా మామూలుగా అనేసి నోటుబుక్కులు సర్దుకుంది. ముందే చెప్తే. ఆ గడిలో 'లేవు' అని రాసిన చెయ్యి ఇప్పుడు సంచి పట్టీని గట్టిగా పట్టుకుని ఉంది. రజని దాన్ని వేరే ఎవరి చెయ్యో అన్నట్టు చూసింది.

*

ఇంటికొచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. గోవర్ధన్ దుకాణం నుంచి ముందే వచ్చేశాడు. బల్ల మీద ఫోన్ పెట్టుకుని, అక్క పంపిన ప్రశ్నలు ఒక కాగితం మీదికి ఎక్కిస్తున్నాడు. శ్రుతి గోడ దగ్గరే ఉంది. డ్రెస్సు ఇప్పలేదు.

"పదకొండే ప్రశ్నలు," అన్నాడు. "ఏడు మనకొచ్చినయే."

రజని చెప్పులిప్పి పిల్ల పక్కన నేల మీద కూర్చుంది. "శ్రుతీ, నిన్న కొత్త టీచర్‌కు బొట్టు లేదా?"

"బొట్టు లేదు," అంది శ్రుతి గోడనే చూస్తూ. తర్వాత కాసేపటికి, "పేరు ఎక్కడ చెప్పాలి?"

ఆ ప్రశ్న ఎవరూ నేర్పింది కాదు.

"విన్నవా?" అంది రజని భర్తతో. "నేను నేర్పిందే అది. బొట్టును చూసి చెప్పమన్న. ఆ టీచర్‌కు బొట్టు లేదు. దీనికి ఇంకో దారి తెల్వదు. నేనే ఉంచలె."

గోవర్ధన్ రాయడం ఆపి విన్నాడు. చాలా శ్రద్ధగా విన్నాడు. అతని మొహంలో ఏదో కరుగుతోందని రజనికి ఒక్క క్షణం ఆశ కలిగింది.

"అట్లనా," అన్నాడు మెల్లగా. "అంటె ఉట్టిగ కొట్టలె అన్నట్టు. కారణముంది."

"ఉంది."

అతను ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"అక్కా, నేనే. ప్రశ్నలొచ్చినయ్. ఇంకోటి అడగాలె. రేపు ఇంటర్వ్యూ చేసే మేడమ్ ఉంది సూడు, ఆమె బొట్టు పెట్టుకుంటదా? నవ్వకే, పనుండే అడుగుతున్న. అవునా? పెద్దదేనా? ఎరుపా, మెరూనా?"

జానకమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది. కొడుకునీ కోడలినీ మార్చి మార్చి చూసి అక్కడే నిలబడిపోయింది.

"పెట్టుకుంటదంట," అన్నాడు గోవర్ధన్, ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి. అతని మొహంలో నిన్నటి నుంచీ లేని తేటదనం వచ్చింది. "పెద్ద బొట్టేనంట. అక్క క్లాస్ టీచర్ సంగతి గూడ కనుక్కుంటనన్నది. ఇగ పరేషానేం లేదు."

రజనికి కోపం రాలేదు. కోపం వస్తే తేలికగా ఉండేది. మొగుడు మంచివాడు. బిడ్డ కోసం ఊళ్లో టీచర్లందరి నుదుళ్లూ కనుక్కోగలడు. రేపు అత్తమ్మ మిర్యాలగూడలో కాపురం పెట్టి, వచ్చే ప్రతి మేడమ్ మొహాన్నీ ముందే చూసి రాగలదు. ఏ టీచర్ సెలవు పెట్టినా మళ్లీ ఈ ఫోన్లు మొదలవుతాయి. అలా పదో తరగతి దాకా, ఆ తర్వాత కూడా. గొర్లు కాసుడు నయం.

ఆమె లేచి సంచి తెచ్చుకుంది. అందులోంచి క్యాంపు ఫారం ఖాళీది ఒకటి తీసి బల్ల మీద, ప్రశ్నల కాగితం పక్కన పెట్టింది. ఆ ఫారం గోవర్ధన్‌కు కొత్త కాదు. ఎన్నో సాయంత్రాలు ఆ బల్ల మీదే ఆమె వేరేవాళ్ల పిల్లలవి నింపేది.

"ఎవరిదది?" అన్నాడు. అడిగాక అతనికే తెలిసింది. ఫోన్‌లో అక్క హలో హలో అంటోంది. అతను ఫోన్‌ను బల్ల మీదికి దించాడు.

"రేపు మిర్యాలగూడ," అన్నాడు.

"బుధవారం సూర్యాపేట," అంది రజని.

"మండలమంత తెలుస్తది రజనీ. నీ దగ్గరికొచ్చే ప్రతి తల్లికి తెలుస్తది."

"తెలుస్తది."

జానకమ్మ వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. ఎవరి పక్షమో ఆమె మొహం చెప్పలేదు. చిక్కుడుకాయల పసరు ఇంకా వదలని వేళ్లు ఒడిలో పెట్టుకుని ఫారం వైపు చూస్తోంది. చదవడం రాదామెకు.

రజని సంచి జేబులో చెయ్యి పెట్టింది. వేళ్లకు ముందు పెన్సిల్ తగిలింది, దాని పక్కనే రబ్బరు. రెంటినీ దాటి కిందికి వెతికింది.

ఆమె చేతిలోకి వచ్చింది పెన్ను అని చూసి గోవర్ధన్ కుర్చీలోంచి సగం లేచాడు.

"కనీసం పెన్సిలుతోని రాయి," అన్నాడు. ఆ గొంతు ఆమె ఎరుగును. తొమ్మిదేళ్లుగా గుమ్మం దగ్గర నిలబడి ఎందరో అన్న గొంతే అది.

రజని పెన్ను మూత తీసి, మొదటి గడిలో, కూతురి పేరు రాసింది.